సందు మీది గది

కిందటి వారం లొరేన్ హెలివెల్ టేపు పెట్టి కొలుచుకున్న పడకగది ఈ వారం ఇంట్లో లేదు.

తాళం వేసి ఉండటం కాదు, తలుపు బిగుసుకుపోవడం కాదు. అసలు తలుపే లేదు. మెట్లెక్కి పైకి వస్తే ఎడమవైపు రెండు గదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కుడివైపు, నడవ చివర, ఇత్తడి పిడి ఉన్న తెల్ల తలుపు ఉండాల్సిన చోట మాత్రం గోడ ఉంది. నడవ అంతటా ఉన్న నీలిపూల వాల్‌పేపరే ఆ గోడకీ అంటించి ఉంది.

లొరేన్ నాలుగు మెట్లు కిందికి దిగి మళ్ళీ ఎక్కింది. జీవితమంతా బస్సు నడిపి మొన్ననే రిటైరైన మనిషి. దారి తప్పడం ఆమె ఎరగదు.

"ఇక్కడో గది ఉండాలి," అంది.

ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటు కర్టిస్ ముందు నవ్వాడు. టెంటర్ రో వీధిలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినవేననీ, మేడమ్ ఇంకో ఇంటితో పొరబడుతున్నారేమోననీ అన్నాడు. అంటూనే ఫోను తీసి తమ కంపెనీ ప్రకటన తెరిచాడు. పద్నాలుగో నంబరు, మూడు పడకగదులు. కింద ఫోటోలో ఇదే నడవ, ఇదే నీలిపూల కాగితం, చివర ఇత్తడి పిడి తలుపు. అతను ఫోను కేసి చూశాడు, గోడ కేసి చూశాడు, మళ్ళీ ఫోను కేసి చూశాడు. నవ్వు జారిపోయింది.

లొరేన్ గోడకి దగ్గరగా వెళ్ళి వేలి మడతతో కొట్టింది. మిగతా నడవలో రాయి పలికింది. ఇక్కడ డొల్ల పలికింది. ముక్కు ఆనిస్తే తడి ప్లాస్టరు వాసన. పక్కన కాగితం మీది పువ్వులు ఏళ్ళ తరబడి కిటికీ వెలుతురుకి వెలిసిపోయి ఉంటే, ఇక్కడి పువ్వులు ఇవాళే కొట్లోంచి వచ్చినట్టు మెరుస్తున్నాయి. అతుకు మాత్రం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. రేకుకి రేకు కలిసింది. ఎవరో దొంగతనం చేశారు, చేతిపని తెలిసిన దొంగ.

"దొంగలు టీవీలు ఎత్తుకుపోతారు. గది ఎత్తుకుపోవడం ఎక్కడైనా విన్నావా?" అని అడిగింది.

కర్టిస్ వినలేదన్నాడు. ఇల్లు మూడు గదులదని రాయడం ఆఫీసులో జరిగిన పొరపాటే అయ్యుండొచ్చని కూడా అన్నాడు, ఫోటో ఇంకా చేతిలో వెలుగుతుండగానే.

లొరేన్‌కి నవ్వు రాలేదు. ఆమె ఆ ఇల్లు కొనేది తన కోసం కాదు. కూతురు తాగుడు మానడానికి చికిత్సలో చేరింది. మనవడు కాలమ్‌కి పదమూడు, మనవరాలు ఎస్మేకి తొమ్మిది. ఇద్దర్నీ చెరో ఊళ్ళో చెరో ఇంట్లో పెట్టారు. అమ్మమ్మ తెచ్చుకుంటానంటే పిల్లల శాఖవాళ్ళు సంతోషించారు గానీ ఒక షరతు పెట్టారు. ఆ వయసు అన్నాచెల్లెళ్ళు ఒకే గదిలో పడుకోకూడదు, కాబట్టి మూడు పడకగదుల ఇల్లు చూపించాలి. ఆమె దగ్గరున్న డబ్బుకి క్రాగ్‌డెన్ ఊరు మొత్తమ్మీద మూడు గదులతో దొరికింది ఈ ఇల్లొక్కటే. రెండు గదులైతే పిల్లలు రారు. అంతే లెక్క.

ఆ సాయంత్రం ఆమె తన లాయరుకి ఫోను చేసింది. లాయరంటే మనిషి కాదు, కర్టిస్ అంటగట్టిన ఒక కంపెనీ. రెండొందల మైళ్ళ అవతల ఎక్కడో ఉంది. చవక, పైగా ఫోన్లో యాప్ ఉంది. ఇల్లు కొనడంలో ఒక్కో మెట్టూ దాటినప్పుడల్లా అందులో పచ్చ టిక్కు పడుతుంది. గది మాయమైన రోజున కూడా ఒక పచ్చ టిక్కు పడింది. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. విషయమంతా విని, కాసేపు కీబోర్డు టకటకలాడించి, ఒక ప్రశ్న వేసింది.

"అమ్మేవాళ్ళు తమతో తీసుకుపోయే సామాన్ల జాబితాలో ఆ గది ఉందాండీ?"

"కర్టెన్లు తీసుకుపోతారు తల్లీ, కుక్కర్ తీసుకుపోతారు. గది ఎలా తీసుకుపోతారు?"

"జాబితాలో లేకపోతే ఇంట్లోనే ఉన్నట్టండీ," అందా అమ్మాయి, బెంగపడొద్దన్నట్టు.

ఎవరినైనా పంపి ఇల్లు చూడమంటే, తాము ఇళ్ళు చూడమనీ కాగితాలే చూస్తామనీ చెప్పింది. లొరేన్ ఫోను పెట్టేసి, ఇక ఈ ఊరి గాలి పీల్చే లాయరు కావాలనుకుంది.

మర్నాడు శనివారం. క్రాగ్‌డెన్‌లో మంచి లాయరు ఎవరో తెలుసుకోవాలంటే వరసలో నిలబడాలి. మాంసం కొట్టు ముందు వరసైతే మరీ మంచిది. లొరేన్ సాసేజీలు అడుగుతూ సంగతి చెప్పింది. కొట్టు యజమాని నెవిల్ కత్తి పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"సోఫా కింద చూశావా?" అన్నాడు.

వరసంతా నవ్వింది. నవ్వాక తలా ఒక మాట చెప్పారు. నెవిల్ ఓటు ముసలి ఆర్మిటేజ్‌కి. ఆయన నత్తలా నడుస్తాడు గానీ నత్త వెళ్ళిన ప్రతిచోటా గుర్తు ఉంటుందన్నాడు. వెనక నిలబడిన క్షౌరశాల ఆవిడ కూడా ఆర్మిటేజ్ పేరే చెప్పింది. ఆమె చెల్లెలు కొనబోయిన ఇంటి కింద పాత బొగ్గు గని ఉందని, ఆయన టీ తాగుతూ తాగుతూ చెప్పేశాట్ట. డిపోలో ఒకప్పుడు లొరేన్‌తో పనిచేసిన టెరీ మాత్రం ఒప్పుకోలేదు. ఛౌధ్రీ గారమ్మాయి రుబీనా దగ్గరికి వెళ్ళమన్నాడు. "ఆ పిల్ల బూట్లేసుకుని వచ్చి చూస్తుంది," అన్నాడు. అతనికి అంతకంటే పెద్ద మెప్పు తెలియదు.

రెండు ఓట్లు పెద్దాయనకి, ఒకటి చిన్నదానికి. సోమవారం పొద్దున్నే లొరేన్ ఆర్మిటేజ్ ఆఫీసు మెట్లెక్కింది.

ఆయన మొదట బాగానే మాట్లాడాడు. కుర్చీ చూపించాడు, కలం మూత తీశాడు, ఆమె బస్సులో తన భార్య గొడుగు మర్చిపోతే లొరేన్ ఇంటికి తెచ్చిచ్చిన సంగతి గుర్తు చేసుకున్నాడు. కొనబోయే ఇల్లు ఏదని అడిగాడు.

"టెంటర్ రో. పద్నాలుగు."

ఆర్మిటేజ్ కలం మూత పెట్టేశాడు.

"ఈ పని నేను చెయ్యలేనమ్మా," అన్నాడు.

లొరేన్ కారణం అడిగింది. చెప్పలేనన్నాడు. తీరిక లేకనా అంటే కాదన్నాడు. ఇంట్లో ఏదైనా లోపముందా అంటే, అదీ చెప్పలేనన్నాడు. అయితే లోపముందన్నమాటేనా అంటే, ఆయన లేచి నిలబడి ఆమె కోటు అందించాడు. గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "రుబీనా మంచి పిల్ల. ఆలస్యం చెయ్యకుండా వెళ్ళు," అని తలుపు మూశాడు.

బయట సన్నటి చినుకు. లొరేన్ బస్టాపు కప్పు కింద నిలబడి ఆ మూసిన తలుపు గురించే ఆలోచించింది. బేరం వదులుకునే మనిషి కాదు ఆర్మిటేజ్. తన పేరు వినగానే ఆపలేదు. డబ్బు మాట రాకముందే ఆపాడు. ఇంటి నంబరు విన్నాక ఆపాడు. అప్పుడే ఆమె ముందునుంచి ఒక బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. పక్కనున్నాయన డ్రైవరుని తిట్టాడు. లొరేన్ తిట్టలేదు. స్టాపులో ఆగకుండా పోయే బస్సు ఖాళీగా ఉండదని ఆమెకి తెలుసు. లోపల అప్పటికే జనం ఉంటారు.

ఆర్మిటేజ్ బస్సులోనూ, అదే ఇంటి పని మీద, అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు.

అమ్మేవాళ్ళు కాదు. అమ్మేది యూనిస్ మిజ్లీ అనే ముసలావిడ, ఇప్పుడు సముద్రం ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో ఉంది. ఆమె తరఫున వ్యవహారం చూస్తున్న కొడుకు ఉండేది బ్రిస్టల్‌లో, అతని లాయరూ అక్కడే. మరి పద్నాలుగో నంబరు ఇంటితో సంబంధం ఉన్న మూడో మనిషి ఎవరు?

రుబీనా ఆఫీసు రొట్టెల దుకాణం మీద ఉంది. మెట్లమీద దాల్చినచెక్క వాసన. రుబీనాకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, లొరేన్‌ని చూడగానే లేచి నిలబడింది.

"మీ బస్సులోనే బడికెళ్ళాను ఆంటీ. ఒకసారి చూయింగ్ గమ్ సీటుకి అంటించానని దింపేశారు."

"అంటించావా మరి?"

"అంటించాను."

"అయితే సరే," అంది లొరేన్, కూర్చుంటూ.

గది సంగతీ, ఆర్మిటేజ్ సంగతీ విన్నాక రుబీనా నవ్వలేదు. సోఫా కింద చూశారా అని అడగలేదు. పద్నాలుగుకీ పదహారుకీ మధ్య సందు ఉందా అని అడిగింది. ఉంది. ఆ సందుకి పైకప్పు ఉందా? లొరేన్ కళ్ళు మూసుకుని వీధి గుర్తు చేసుకుంది. రెండిళ్ళ మధ్య, పెరటి వైపుకి పోయే చీకటి సందు. దాని మీద గోడ, గోడలో కిటికీ. అంటే కప్పు ఉన్నట్టే.

"పోయిన గది ఆ సందు మీదే ఉంది," అంది రుబీనా. "పదండి."

బూట్లు బల్లకిందే ఉన్నాయి. టెరీ అబద్ధం చెప్పలేదు.

దారిలో ఆమె చెప్పింది. మిల్లులు నడిచిన కాలంలో కట్టిన ఈ వరసల్లో, సందు మీద పడే గది ఏ ఇంటిదో ఆ ఇంటిదే, కాగితం ప్రకారం. కాగితం సంగతి కాగితానిది. టెంటర్ రోలోనూ దాని చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ ఆ గది ఏ ఇంట్లో పిల్లలు ఎక్కువుంటే ఆ ఇంటికి పోయేది. ఇటు గోడ పగలగొట్టి తలుపు పెట్టేవాళ్ళు, అటు తలుపు తీసేసి గోడ కట్టేవాళ్ళు. పిల్లలు పెద్దయి వెళ్ళిపోతే గది మళ్ళీ అటు జరిగేది, లేదా జరగకుండా ఉండిపోయేది. లాయరు లేడు, రిజిస్ట్రేషను లేదు. చేతిలో చెయ్యి, పబ్బులో ఒక గ్లాసు.

"నీకెలా తెలుసు?"

"నేను పెరిగింది అలాంటి గదిలోనే. మేం ఆరుగురం. పక్కింటి పెద్దాయన ఒకరోజు సుత్తి పట్టుకొచ్చి, మా నాన్నకి ఇంగ్లీషు రాకపోతే, గోడ చూపించి, మమ్మల్ని వరసగా లెక్కపెట్టి, కొట్టడం మొదలెట్టాడు. గోడమీద పడ్డాడేంటని మా అమ్మ పోలీసుల్ని పిలవబోయింది."

ఇంటి దగ్గర రుబీనా లోపలికి వెళ్ళలేదు. వీధిలో నిలబడి పైకి చూసింది. సందు మీది కిటికీకి కర్టెను లేదు. గట్టు మీద మాత్రం చిన్న కుండీలో చామంతి మొక్క ఉంది.

"మీరు కొలిచిన రోజున అది ఉందా ఆంటీ?"

లేదు. లొరేన్ ఆ గట్టు మీద చెయ్యి ఆనించి, ఎస్మే ఇక్కడ కూర్చుని వీధి చూస్తుందనుకుంది కాబట్టి బాగా గుర్తు.

తాళం వేసిన ఇంట్లో, తలుపు లేని గదిలో, ఎవరో రోజూ మొక్కకి నీళ్ళు పోస్తున్నారు. పద్నాలుగులోంచి దారి లేదంటే పదహారులోంచే ఉండాలి.

అక్కడితో ఆగుతుందనుకుంది లొరేన్. రుబీనా ఆగలేదు. సందులోంచి దూరి వెనక దారిలోకి వెళ్ళి, బయల్దేరే ముందు ఆఫీసులో అచ్చు తీసుకున్న ఇంటి రిజిస్ట్రేషను ప్లాను విప్పి, పెరటి గోడల కేసి చూసి మళ్ళీ ప్లాను చూసింది. ప్లానులో నేల కనపడుతుందనీ, గాలి కనపడదనీ వివరించింది. సందు మీద గాల్లో ఉన్న గది ఎవరిదో ఈ కాగితం చెప్పదు. అందుకే రెండొందల మైళ్ళ అవతలి కంపెనీకి అంతా పచ్చ టిక్కులే. కానీ పెరడు నేల. పెరటి సంగతి చెబుతుంది.

ప్లానులో పద్నాలుగు పెరడు తిన్నగా వెనక దారి దాకా వస్తోంది. కళ్ళెదుట మాత్రం సగంలోనే ఆగిపోయింది. మిగతా సగాన్ని పాత రాతిగోడ ఒకటి వంకర తిరిగి పదహారులో కలిపేసింది. ఆ కలిసిన ముక్కలో పెద్ద అద్దాల షెడ్డు. అద్దాల వెనక తెలుపూ పసుపూ కుంకుమ రంగూ, ఒక్కొక్కటీ చంటిపిల్ల తలకాయంత చామంతులు.

"యూనిస్ గారి పెరడు సగం పక్కాయన దగ్గరుంది. ఆయన గది మొన్నటిదాకా యూనిస్ గారి దగ్గరుంది," అంది రుబీనా. "మన యార్క్‌షైర్‌లో ఊరికే జానెడు నేల ఎవరిస్తారు ఆంటీ?"

అప్పుడు అసలు ముడి విప్పి చూపించింది. యూనిస్ భర్త ఫ్రాంక్, ఈ పక్కింటాయన, ఆ రోజుల్లో ఇద్దరూ ఏమని చేతులు కలుపుకున్నారన్నదే ప్రశ్న. ఆయన గదిని అరువిచ్చి ఉంటే గది ఆయనదే. ఎన్నేళ్ళయినా వెనక్కి తీసుకోవచ్చు. గోడ కట్టడం మొరటు పని గానీ గది మాత్రం పోయినట్టే. అలా కాక నేలకి గది మార్చుకుని ఉంటే, ఎవరిది వాళ్ళ దగ్గర ఉండిపోతుంది. ఇన్నేళ్ళకైనా కాగితం మీద పెట్టించవచ్చు. అరువా, మార్పిడా? చెప్పగలిగినవాళ్ళు ఎవరు? ఫ్రాంక్ మిజ్లీ చనిపోయాడు. యూనిస్‌కి ఇప్పుడు కన్నకొడుకు పేరే గుర్తుండటం లేదు. లొరేన్ కర్టిస్ దగ్గర నంబరు తీసుకుని ఆ కొడుకుని ఫోన్లో అడిగితే, పెళ్ళయ్యేదాకా ఆ గదిలోనే పడుకున్నాననీ, తలుపు ఎప్పుడు పెట్టారో తెలిసే వయసు తనకి అప్పుడు లేదనీ చెప్పాడు. ఇక మిగిలింది ఒక్కడే, గోడ కట్టినవాడు.

"ఆయన అరువంటే?"

"కాదనడానికి మన దగ్గర ఓ గోడ వంకర తప్ప ఏమీ లేదు."

"పద అడుగుదాం."

రుబీనా కదల్లేదు. ఆయనకి లాయరు ఉన్నాడని తనకి అనుమానమనీ, అవతలివాళ్ళ లాయరు వెనకనుంచి ఆయనతో తను ఈ విషయం మాట్లాడకూడదనీ చెప్పింది. "మీరు కాబోయే పొరుగింటావిడ. మీరు వెళ్ళి టీ తాగొచ్చు. నేనిక్కడే చలిలో ఉంటాను. ఒక్క మాట, అబద్ధమాడి ఏదీ లాగొద్దు. ఆయన దగ్గరున్నది నిజమే. దాన్ని ఆయనే ఇవ్వాలి."

పదహారో నంబరు తలుపు తీసినాయన పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. రేమండ్ క్రాబ్‌ట్రీ. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసు. వృత్తి అడగనక్కర్లేకపోయింది. గోళ్ళ చుట్టూ తెల్లటి ప్లాస్టరు పొడి ఇంకా ఉంది. లొరేన్ తను పద్నాలుగు కొనబోతున్నానని చెప్పింది. ఆయన మొహం గోడలాగే అయిపోయింది. అయినా తలుపు మూయలేదు. చినుకులో నిలబడిన ఆడమనిషి మొహాన తలుపు మూసే అలవాటు ఆ వీధికి లేదు.

వంటగదిలో కెటిల్ పెట్టాడు. గోడ నిండా చామంతుల పోటీల్లో గెలిచిన కార్డులు. లొరేన్ గది ఊసెత్తలేదు. పూల గురించి అడిగింది. ఆయన ముక్తసరిగా జవాబులిచ్చాడు. ఆ తెల్లది ఏ రకం అంటే, అది కొట్లో దొరకదనీ, తన భార్య డోరీన్ ఏళ్ళ తరబడి రకానికి రకం కలిపి పుట్టించినదనీ, ఆమె పేరే దానికి పెట్టాననీ చెప్పాడు. టీ కప్పు ఆమె ముందు కాస్త గట్టిగానే పెట్టాడు.

"ఒంటరి ఆడమనిషివి. అంత ఇల్లెందుకు నీకు?" అన్నాడు. "వారానికో గుంపుని దించి అద్దెకిస్తావా? ఇరవై నంబరు అలాగే అయింది. గుమ్మానికి తాళంచెవుల పెట్టె. శుక్రవారం వస్తారు, ఆదివారం దాకా తాగుతారు, నా గేటులో కక్కుతారు."

"అద్దెకి కాదు."

"మరి?"

ఆమె చెప్పింది. చెప్పదలుచుకుని రాలేదు. బతిమాలినట్టుంటుందని దాన్ని నోట్లోనే ఉంచుకుంది. కానీ అడిగాడు కాబట్టి చెప్పింది. కాలమ్ ఒక ఊళ్ళో, ఎస్మే ఒక ఊళ్ళో. వారానికోసారి పార్కులో కలుసుకుంటారు. మూడు గదులుంటేనే ఇస్తామన్నారు. ఎస్మే కోసం సందు మీది గదిని తను కొలుచుకుంది, కిటికీ కింద మంచం పడుతుందా లేదా అని. పడుతుంది.

రేమండ్ లేచి వెళ్ళి కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. అద్దాల షెడ్డు అవతల, వెనక దారిలో, గొడుగు కూడా లేకుండా ప్లాను కోటు కింద దాచుకుని నిలబడిన రుబీనా కనిపించి ఉండాలి.

"అరువని చెప్పాను ఆర్మిటేజ్‌కి," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

లొరేన్ కప్పు కింద పెట్టి ఆయన కేసి తిరిగింది.

"గది అరువిచ్చాను, ఇప్పుడు వెనక్కి కావాలన్నాను. పెరటి మాట ఎత్తలేదు. ఆయన ఒక ఉత్తరం రాస్తానన్నాడు, మర్యాదగా అడుగుదాం, తొందరపడకు అన్నాడు. నేనాగలేదు. బ్రిస్టల్ కుర్రాడు ఇల్లు అమ్ముతున్నాడనగానే నాకు నిద్ర పట్టలేదు తల్లీ. కొనేవాడి లాయరు ప్లాను చూస్తాడు, పెరడు సగం మాదంటాడు, షెడ్డు తీసెయ్యమంటాడు. డోరీన్ పూలు ఎక్కడికి తీసుకుపోను నేను? అందుకని ముందే గది పట్టుకుందామనుకున్నా. గది నా చేతిలో ఉంటే పెరడు అడగరు కదా. తాళంచెవి నా దగ్గరే ఉంది, యూనిస్ పిల్లికి నేనే తిండి పెట్టేవాణ్ణి. కాగితం చుట్టలు కూడా నా దగ్గరే ఉన్నాయి. ఆ నడవకి కాగితం అంటించింది నేనే, వాళ్ళ చిన్నోడు పుట్టినప్పుడు. మిగిలిన రెండు చుట్టలు అటక మీద చీకట్లో పడున్నాయి, అందుకే రంగు పోలేదు. అది నాకు తట్టలేదు చూడు. ఇన్నేళ్ళ పనిలో అది తట్టొద్దూ?

"అరువు కాదు. ఫ్రాంక్‌కి నలుగురు పిల్లలు, మాకు ఒక్కరూ లేరు. గది నువ్వు తీసుకో అన్నాను. ఊరికే తీసుకోనన్నాడు, మొండి ముండాకొడుకు. పెరట్లో సగం నీ పూలకి తీసుకో అన్నాడు. ఆ గోడ ఇద్దరం కలిసి కట్టాం, అందుకే వంకరపోయింది, వాడికి రాయి పట్టడం రాదు. చేతిలో చెయ్యేశాం. ఎప్పటికీ అన్నాం, ఇద్దరం అన్నాం. వాడు పోయాడు, ఆవిడకి గుర్తు లేదు, ఇక నేనేం చెబితే అదే నిజం అనుకున్నాను. ఆశ్రమానికి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, యూనిస్, ఆ గది అరువే కదా అని కూడా అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పిల్లలు పడుకున్నారు, మెల్లగా మాట్లాడు అంది. తిరిగొచ్చి ఆ మర్నాడే గోడ కట్టాను. సిగ్గులేదనుకో.

"ఆ లాయరమ్మని లోపలికి పిలువు, తడిసిపోతోంది. కాదు, ఉండు, ముందు ఆర్మిటేజ్‌కి ఫోన్ చేస్తాను, ఆయన దగ్గర తిట్లు తిన్నాక పిలుద్దువుగాని. పిల్లలున్న ఇంటికి గది పోవాలి. అది ఈ వీధిలో పుట్టినవాడు ఎవడైనా చెబుతాడు. పిల్లలున్నారని నాకెవరూ చెప్పలేదు, అయినా నేనడగలేదు కూడా. ఆ గోడ నేను కట్టాను, నేనే తీస్తాను. కానీ అతుకు చూశావు కదా నువ్వు. పువ్వుకి పువ్వు కలిసిందా లేదా? చేసింది తప్పుడు పనే. పని మాత్రం తప్పుగా చెయ్యలేదు."